గురువు కుర్చీ వెనుక నిలిచినవారు: అదెలాయిద్ లబీయ్-గియార్ చిత్రకళ

యూరప్ చిత్రకళలో స్త్రీ రూపం కనిపించని శతాబ్దం లేదు. దేవతగా, పుణ్యస్త్రీగా, రాణిగా, పేరు తెలియని సుందరిగా ఆమెను చిత్రించిన పటాలతో అక్కడి మ్యూజియంలు నిండి ఉన్నాయి. అయితే ఆ రూపాన్ని గీసే విద్య నేర్చుకునే అవకాశం, నేర్చినదాన్ని మరొకరికి అందించే అధికారం, గీసినదాన్ని జనం ముందు పెట్టే వేదిక స్త్రీలకు ఎలా దక్కాయన్న ప్రశ్నకు జవాబు మ్యూజియం గోడలమీద అంత సులభంగా దొరకదు. పద్దెనిమిదో శతాబ్దపు ప్యారిస్ చిత్రకారిణి అదెలాయిద్ లబీయ్-గియార్ (1749–1803) జీవితమంతా ఆ మూడింటి కోసం సాగింది కనుకనే, చిత్రకళాబోధనకు అంకితమైన ఒక ఉపాధ్యాయురాలి స్మృతిలో ఏర్పాటైన ఈ ఉపన్యాసానికి ఆమెకన్నా తగిన విషయం లేదు. లబీయ్-గియార్ ప్రతిభ గల పోర్ట్రెయిట్ చిత్రకారిణి అన్న సంగతిని ఈనాడు ఎవరూ కాదనరు. ఆమె గీసిన రూపచిత్రాలనూ, ఆమె చుట్టూ ఏర్పడిన శిష్యురాళ్ల బృందాన్నీ విడివిడిగా కాక ఒకే కృషిగా చూడాలన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఆమె పని విలువ తెలియాలంటే ముందుగా ఆనాటి ఫ్రాన్స్‌లో చిత్రకళ ఎవరి చేతుల్లో ఉండేదో తెలియాలి. 1648లో స్థాపితమైన రాయల్ చిత్ర, శిల్ప అకాడమీ రాజాశ్రయంలో నడిచిన సంస్థ. అందులో సభ్యత్వం ఉన్నవారికే లూవ్ర్ ప్రాసాదంలో రెండేళ్లకోసారి జరిగే ‘సలోన్’ అనే బహిరంగ ప్రదర్శనలో చోటుండేది. అకాడమీ సిద్ధాంతం ప్రకారం చిత్రాలన్నీ ఒకే మెట్టుమీద ఉండవు: పురాణ, చారిత్రక ఘట్టాలను చిత్రించే ‘చారిత్రక చిత్రకళ’ అన్నిటికన్నా పై మెట్టు, రూపచిత్రం దాని కింద, నిత్యజీవిత దృశ్యాలు, ప్రకృతి దృశ్యాలు, పళ్లూ పూలూ పాత్రల చిత్రాలు ఇంకా కింద. పై మెట్టు ఎక్కాలంటే నగ్నంగా నిలబడిన పురుషుణ్ణి ఎదురుగా చూస్తూ గీసే అభ్యాసం తప్పనిసరి. ఆ అభ్యాసం జరిగే గదిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. చదువు దగ్గరే తలుపు మూసి, ఆ చదువు లేనందువల్ల స్త్రీలు గొప్ప చిత్రాలు గీయలేరని తేల్చడం ఆ వ్యవస్థ పనితీరు. అకాడమీ బతికిన 145 ఏళ్లలో అందులో సభ్యత్వం పొందిన స్త్రీలు పదిహేనుమందికి మించలేదు. పైగా ఏ కాలంలోనైనా నలుగురికి మించి ఉండరాదన్న కట్టుబాటు 1770 నాటికి స్థిరపడింది.

ఈ మెట్ల పద్ధతి ఫ్రాన్స్‌తో ఆగలేదు. ముందు ప్లాస్టర్ అచ్చుబొమ్మలను చూసి గీయడం, ఆ తరువాత సజీవమైన మోడల్‌ను చూసి గీయడం అనే అకాడమీ క్రమం పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు, కలకత్తా, బొంబాయి కళాశాలల్లోకి వచ్చింది. ఆ బొంబాయి కళాశాలలో చదివిన దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రికి తిరిగి వచ్చి నెలకొల్పిన చిత్రకళాకేంద్రం పరిధిలో ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు గీశారన్న విషయాన్ని తెలుగు చిత్రకళా చరిత్ర ఇంకా శ్రద్ధగా పట్టించుకోవలసి ఉంది. ఇంటిలోని స్త్రీలకు కుంచె అందడానికి ఇంటిలోనే ఒక చిత్రకారుడుండడం తోడ్పడిన తీరు ప్యారిస్‌లోనూ సర్వసాధారణమే. చిత్రకారుల కూతుళ్లకూ భార్యలకూ తప్ప ఇతర స్త్రీలకు ఆ విద్య దక్కడం అరుదు.

లబీయ్-గియార్ ఆ అరుదైన కోవకు చెందినది. ఆమె తండ్రి క్లోద్-ఎద్మే లబీయ్ చిత్రకారుడు కాడు; ప్యారిస్‌లో దుస్తుల అలంకార సామగ్రి అమ్మే వర్తకుడు. తరువాతి కాలంలో పదిహేనో లూయీ ప్రియురాలై మదామ్ దు బారీగా చరిత్రకెక్కిన యువతి ఆ దుకాణంలోనే కొంతకాలం పనిచేసింది. పట్టు ఏది, మస్లిన్ ఏది, లేసు ఎలా ముడుచుకుంటుంది, రిబ్బను మీద వెలుగు ఎక్కడ ఆగుతుంది అన్న జ్ఞానం ఆమె చిత్రాల్లో ఇంత నిక్కచ్చిగా ఉండడానికి ఆ దుకాణంలో గడిచిన బాల్యమే కారణమని ఊహించడం తప్పు కాదు. యువకుల మధ్య అభ్యాసానికి అమ్మాయిని పంపడం మర్యాద కాదు కనుక, దగ్గరలోనే ఉన్న ఫ్రాన్స్వా-ఎలీ వాన్సాన్ దగ్గర ఆమె సూక్ష్మచిత్రాలు, అంటే దంతపు రేకుమీద అరచేతిలో ఇమిడే పరిమాణంలో గీసే రూపచిత్రాలు, నేర్చుకుంది. ఆ తరువాత మోరిస్ కాంతాన్ ద లా టూర్ వద్ద పాస్టెల్ నేర్చింది. పాస్టెల్ అంటే రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో ముద్దచేసి ఎండబెట్టిన కడ్డీ. ఆరబెట్టే పని లేకుండా కాగితంమీద నేరుగా రాస్తూ, వేలితో అద్దుతూ చర్మపు మెత్తదనాన్ని తేగల ఆ సాధనంలో లా టూర్‌ను మించినవాడు ఆ తరంలో లేడు. తైలవర్ణాలు మాత్రం తన మొదటి గురువు కొడుకు ఫ్రాన్స్వా-ఆంద్రే వాన్సాన్ దగ్గర, యౌవనం దాటబోతున్న వయసులో, పట్టుదలగా అభ్యసించింది.

1769లో జరిగిన ఆమె పెళ్లి నిలవలేదు. పదేళ్లకు చట్టబద్ధంగా విడిపోయిన ఆమె, భర్త పేరును మాత్రం సంతకంలో ఉంచుకుని, సంపాదన కోసం బోధన మొదలుపెట్టింది. అప్పటికే వృత్తిసంఘమైన సెయింట్ లూక్ అకాడమీలో ఆమెకు సభ్యత్వం ఉండేది. స్త్రీలను తేలికగా చేర్చుకున్న ఆ సంఘం 1774లో జరిపిన ప్రదర్శనలో ఆమె చిత్రాలూ ఉన్నాయి. రెండేళ్లకు వృత్తిసంఘాల రద్దుతో ఆ వేదిక మూతపడింది. వృత్తిసంఘాల గుత్తాధిపత్యాన్ని తొలగించిన సంస్కరణ వల్లనే చిత్రకారిణులకున్న ఒక్క విశాలమైన తలుపు మూసుకుపోవడం ఆ కాలపు సంస్కరణల చరిత్రలో తరచు మరుగున పడే సంగతి.

మిగిలిన దారి రాయల్ అకాడమీ ఒక్కటే. అందులోకి వెళ్లడానికి ఆమె అనుసరించిన పద్ధతి గమనించదగినది. 1782, 1783 సంవత్సరాల్లో అకాడమీ సభ్యులనే ఒక్కొక్కరుగా తన ఎదుట కూర్చోబెట్టి వారి రూపచిత్రాలు పాస్టెల్‌లో గీసింది. స్త్రీ గీసిన చిత్రానికి వెనుక ఏదో మగ చేయి ఉంటుందన్న అపవాదు ఆనాడు చాలా సాధారణం. గీస్తుండగా తమ కళ్లతో చూసినవారే రేపు ఓటు వేయవలసినవారైతే ఆ అపవాదుకు చోటుండదు. ఈ వరసలో వచ్చినదే శిల్పి ఒగుస్తాన్ పజూ రూపచిత్రం. అందులో పజూ చేతులకు మట్టితో, తన గురువు లెమ్వాన్ తలను బొమ్మగా మలుస్తూ కనిపిస్తాడు. అకాడమీకి ప్రవేశచిత్రంగా సమర్పించిన పటం అదే. శిష్యుడు గురువు రూపాన్ని నిలబెడుతున్న దృశ్యాన్ని ఎన్నుకోవడంలో, విద్య చేతి నుంచి చేతికి ఎలా సాగుతుందన్న ఆలోచన ఆమెలో మొదటి నుంచీ ఉందని తెలుస్తుంది. ఆమె తరువాతి పనిని ఆ పటం వెలుగులో చదవవలసిందే.

1783 మే 31న ఆమెను అకాడమీ చేర్చుకుంది. అదే రోజున, మరీ ఆంత్వానెత్ రాణికి ఇష్టురాలైన ఎలిజబెత్ విజే లె బ్రన్ కూడా రాజాజ్ఞతో ప్రవేశించింది. పూలూ పళ్లూ పాత్రల చిత్రాలకు పేరుపొందిన ఆన్ వలాయే-కొస్తేర్, చిత్రకారుడు వియాన్ భార్య మరీ-తెరెజ్ రబూల్ అప్పటికే సభ్యులు కనుక నలుగురి కోటా ఆ రోజుతో నిండింది. మరుక్షణం నుంచి పత్రికా విమర్శకులు కొత్తవారిద్దరినీ పోటీదారులుగా నిలబెట్టి రాశారు. ఒకరి లాలిత్యాన్ని మరొకరి దృఢత్వంతో పోల్చి ఎవరు మిన్న అని తేల్చడమే వారి పనైంది. ఆ ఏడాది సలోన్ సమయంలో వెలువడిన ఒక అజ్ఞాత కరపత్రం లబీయ్-గియార్ శీలంమీద నీచమైన నిందలు మోపి, ఆమె చిత్రాలకు తైలవర్ణాలు నేర్పిన వాన్సాన్ మెరుగులు దిద్దుతాడని రాసింది. ఆమె ఊరుకోలేదు. తన ప్రతిభమీద విమర్శను భరించడానికి సిద్ధమేననీ, శీలంమీద దాడిని సహించలేననీ ఒక ఉన్నతాధికారి భార్యకు ఉత్తరం రాసి, ఆ కరపత్రాన్ని స్వాధీనం చేయించింది. అప్పటికి ఆమె ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయిలు తొమ్మిదిమంది వరకూ ఉన్నారన్న సంగతి గుర్తుంచుకుంటే ఆ ఉత్తరం బరువు అర్థమవుతుంది: గురువుకు చెడ్డపేరు వస్తే ఏ తల్లిదండ్రులూ కూతుర్ని ఆ గడప తొక్కనివ్వరు.

ఆ కరపత్రానికి అసలైన జవాబు 1785 సలోన్‌లో వచ్చింది. ‘ఇద్దరు శిష్యురాళ్లతో స్వీయచిత్రం’ అనే ఆ తైలవర్ణ చిత్రం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు రెండు మీటర్లు దాటి, వెడల్పు ఒకటిన్నర మీటర్లుండే ఆ పటంలో మనుషులు దాదాపు నిలువెత్తున కనిపిస్తారు. అంత పెద్ద పరిమాణం చారిత్రక చిత్రాలకూ రాజుల రూపాలకూ చెల్లే మర్యాద. లేత నీలి పట్టు గౌను, ఈకలూ రిబ్బనూ ఉన్న పెద్ద గడ్డి టోపీ ధరించిన చిత్రకారిణి ఒక చేత రంగుల పలక, కుంచెలు, గీసే చేతికి ఆనుగా పట్టుకునే పొడవాటి కర్ర పట్టుకుని, ఈజిల్ మీది పెద్ద కాన్వాస్ ముందు కూర్చుంది. అటువంటి దుస్తుల్లో ఎవరూ రంగులు కలపరు. ఈ చిత్రకారిణి వస్త్రాలను ఎంత బాగా గీయగలదో, ఎటువంటి గిరాకీకి తగినదో చూపే ప్రకటన కూడా ఈ పటమే. దుకాణదారు కూతురు ఆ విషయంలో సంకోచించలేదు.

ఆమె చూపు నేరుగా ఎదుటివారిమీద ఉంటుంది. కాన్వాస్ వెనుకభాగం మాత్రమే కనిపిస్తుంది కనుక ఆమె గీస్తున్నది ఎవరిని అన్నది తేలదు. పటం ముందు నిలబడ్డవారినే గీస్తున్నట్టు తోస్తుంది. ఆమె కుర్చీ వెనుక, ఒకరినొకరు ఆనుకుని, మరీ గాబ్రియెల్ కాపే, మరీ మార్గరీత్ కారో ద రొజ్మోన్ అనే ఇద్దరు శిష్యురాళ్లు నిలుచున్నారు. ఒకరి దృష్టి గురువు చేస్తున్న పనిమీద లగ్నమై ఉంది. వెనుక నీడలో పజూ చెక్కిన ఆమె తండ్రి ప్రతిమ, రోమన్ల పవిత్రాగ్నిని కాపాడే వెస్టల్ కన్య శిల్పం కనిపిస్తాయి. తండ్రి సాక్షిగా, కన్య శిల్పం సాక్షిగా సాగుతున్న విద్యాశాల ఇది అన్న అర్థం ఆనాటి ప్రేక్షకులకు అందకుండా పోదు; కరపత్రం మోపిన నిందను పేరెత్తకుండానే ఈ పటం తిప్పికొట్టింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. స్త్రీలు తమను తాము ఈజిల్ ముందు చిత్రించుకోవడం పదహారో శతాబ్దం నుంచీ ఉన్నదే. కాని తానొక్కతే మినహాయింపు కాననీ, తన వెనుక మరికొందరు వస్తున్నారనీ ఇంత పెద్ద పరిమాణంలో, ఇంత బహిరంగంగా ప్రకటించిన పటం అంతకుముందు కనిపించడం కష్టం. నలుగురే ఉండాలన్న సంస్థ సొంత ప్రదర్శనశాలలో, ఐదవ, ఆరవ స్త్రీలు అక్కడ ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు.

అధికారులు ఆ సూచనను గ్రహించినట్టే ఉంది. ప్రముఖ అకాడమీ సభ్యులకు లూవ్ర్‌లో ఇల్లూ చిత్రశాలా ఇచ్చే ఆనవాయితీ ప్రకారం ఆమె అడిగినప్పుడు, రాజకట్టడాల అధిపతి డాంజివిలే అంగీకరించలేదు: ఆమె దగ్గర యువతులు చదువుకుంటున్నారు, లూవ్ర్ గదులన్నీ చీకటి వసారాల్లోకి తెరుచుకుంటాయి, అక్కడ మగ శిష్యులు తిరుగుతుంటారు, కనుక మర్యాదకు భంగం అన్నది ఆయన వాదన. బదులుగా ఏటా వెయ్యి లీవ్ర్‌ల భృతి మంజూరైంది. శిష్యురాళ్లను వదులుకుని ఉంటే లూవ్ర్ నివాసం బహుశా తేలికయ్యేది. ఆమె ఆ పని చేయలేదు.

ఆమె రూపచిత్రాల్లోని స్త్రీలను చూసినా ఇదే పట్టుదల కనిపిస్తుంది. 1783లో పాస్టెల్‌లో గీసిన మదామ్ మిత్వార్ ఇద్దరు పిల్లలతో, చంటిబిడ్డకు పాలిస్తూ ఉంటుంది. కలిగిన ప్యారిస్ కుటుంబాలు పసిపిల్లలను పల్లెల్లోని పాలదాదుల దగ్గరికి పంపే రోజులవి. తల్లిపాలే మేలని రూసో 1762లో రాసిన ‘ఎమీల్’ గ్రంథం చెప్పాక ఆ అలవాటు మారసాగింది. రూసో ఆ మాటతోపాటు స్త్రీని ఇంటికే పరిమితం చేసే మాటలూ చెప్పాడు. చిత్రకారిణి మొదటిదాన్ని గౌరవంతో తీసుకుంది, రెండోదానికి తన జీవితంతో సమాధానమిచ్చింది. ఆ తల్లి ముఖంలో అలసట లేదు, నాటకమూ లేదు. తన పని తాను చేసుకుంటున్న స్త్రీ నిబ్బరం ఉంది.

1787లో ఆమెకు ‘రాజకుమార్తెల చిత్రకారిణి’ అన్న బిరుదు దక్కింది. పదహారో లూయీ మేనత్తలు, అవివాహితులైన అదెలాయిద్, విక్త్వార్‌లు ఆమెను ఆదరించారు. అదే ఏడాది గీసిన రాజకుమారి అదెలాయిద్ చిత్రంలో, యాభై దాటిన ఆ స్త్రీ ఈజిల్ పక్కన నిలబడి ఉంటుంది. ఈజిల్‌మీద గతించిన తండ్రి, తల్లి, సోదరుల పార్శ్వముఖాలు ఉంటాయి. వాటిని గీసినది ఆ రాజకుమారే అన్నది చిత్రంలోని కథ. ఆస్థాన రూపచిత్రంలో స్త్రీకి మామూలుగా దక్కే పాత్రలు భార్య, తల్లి, లేదా రాజవంశపు అలంకారం. భర్తా సంతానమూ లేని, వయసు మళ్లిన స్త్రీని స్మృతిని కాపాడే కళాకారిణిగా, తన వృత్తికే చెందిన మనిషిగా చిత్రించడం ఈ చిత్రకారిణి మాత్రమే చేయగల ఉదారత. వయసును దాచకుండా హుందాతనాన్ని ఇవ్వడంలో ఆమెకు సాటివచ్చేవారు ఆ తరంలో తక్కువ. ఈ విషయంలో విజే లె బ్రన్ కన్నా ఆమెకే మొగ్గు చూపవలసి ఉంటుంది.

1789లో విప్లవం వచ్చింది. విజే లె బ్రన్ దేశం విడిచి వెళ్లింది; లబీయ్-గియార్ ఉండిపోయింది. 1790 సెప్టెంబరు 23న అకాడమీ సమావేశంలో ఆమె లేచి మాట్లాడింది. రాగిరేకుల ముద్రణచిత్రకారుడు విల్ తన దినచర్యలో ఆ ప్రసంగాన్ని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. స్త్రీల ప్రవేశానికి సంఖ్యాపరిమితి ఉండకూడదు, ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలి అన్నది ఆమె మొదటి ప్రతిపాదన; స్త్రీలు పాలనాధికారం కోరరనీ, గౌరవస్థానం దక్కితే చాలనీ రెండవది. రెండవ ప్రతిపాదనలోని వినయం ఈనాటి పాఠకులకు నిరాశ కలిగించవచ్చు. అయితే పీఠాలు వద్దంటూ తలుపు పూర్తిగా తెరవమని అడగడంలో ఎంతో ఆలోచన ఉంది: లోపలికి వచ్చినవారి సంఖ్య పెరిగిన నాడు పీఠాల సంగతి తానే తేలుతుంది. సభ ఆ ప్రతిపాదనలకు ఆమోదం తెలిపింది, కాని అకాడమీలోని పెద్దలు వాటిని అమలు కానివ్వలేదు. ఈ కాలంలోనే, ఆస్తి లేని యువతులు కళావృత్తులు నేర్చి సొంతంగా బతకడానికి వీలైన విద్యాప్రణాళికను ఆమె విప్లవ జాతీయసభ సభ్యుడు తలేరాన్‌కు సమర్పించింది. తన ఇంటి గదిలో తొమ్మిదిమందికి చేసినదాన్ని దేశమంతటా ప్రభుత్వం చేయాలన్నదే ఆ ప్రణాళికలోని ఆశ.

ఫలితం విచిత్రంగా పరిణమించింది. 1791లో సలోన్ అందరికీ తెరుచుకోవడంతో సభ్యత్వం లేని స్త్రీలు కూడా అక్కడ చిత్రాలు ప్రదర్శించగలిగారు. ఆ ప్రదర్శనలోనే ఆమె రోబెస్పియర్‌తో సహా జాతీయసభ ప్రతినిధుల రూపచిత్రాలు ఉంచింది. ప్రదర్శనశాల తెరుచుకుంది గాని సంస్థ తెరుచుకోలేదు. 1793 ఆగస్టులో అకాడమీయే రద్దయింది. దాని స్థానంలో వచ్చిన విప్లవ కళాసంఘం స్త్రీలను అసలే చేర్చుకోలేదు, 1795లో ఏర్పడిన జాతీయ ఇన్‌స్టిట్యూట్ కూడా అంతే. స్వేచ్ఛ, సమానత్వం అన్న నినాదాలిచ్చిన వ్యవస్థ, రాజు ఇచ్చిన నాలుగు స్థానాలను కూడా మిగల్చలేదు. ప్యారిస్ ప్రభుత్వ లలితకళల పాఠశాల స్త్రీలను విద్యార్థులుగా అంగీకరించడానికి 1897 వరకూ ఆగవలసి వచ్చింది.

ఆమెకు వ్యక్తిగతంగా కలిగిన నష్టం మరింత క్రూరమైనది. రాజు తమ్ముడు 1788లో ఒక పెద్ద చిత్రం ఆమెకు అప్పగించాడు. సెయింట్ లజార్ వీరసంఘంలోకి ఒక యోధుణ్ణి చేర్చుకునే వేడుకను అనేక రూపాలతో చిత్రించే ఆ పటం, చారిత్రక చిత్రకారిణి అన్న పై మెట్టుకు ఆమె వేసుకున్న నిచ్చెన. రెండేళ్లకు పైగా దానిమీద శ్రమించింది. 1793లో రాచరికపు ఆనవాలు అన్న నెపంతో దాన్ని, దాని నమూనాలతో సహా, కాల్చివేయడానికి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. స్త్రీలకు మూసివున్న పై మెట్టును ఒక స్త్రీ ఎక్కిన తీరు ఎలా ఉండేదో చూసే అవకాశం చరిత్రకు ఆ మంటల్లో పోయింది. అంత పెద్ద పటాన్ని ఆ తరువాత ఆమె మళ్లీ తలపెట్టలేదు.

ఆ గడ్డుకాలంలో ఆమె ప్యారిస్ వదిలి పొంతో అన్న పల్లెలో వాన్సాన్‌తోనూ, కాపేతోనూ కలిసి ఒకే ఇంటిలో ఉంది. సొంత కుటుంబాలు వేరైన ముగ్గురు కళాకారులు వృత్తిబంధంతో ఏర్పరచుకున్న ఇల్లది. విడాకుల చట్టం వచ్చాక 1793లో ఆమె పాత వివాహం రద్దయింది. తరువాత వాన్సాన్‌ను పెళ్లాడింది. లూవ్ర్‌లో నివాసం చివరకు 1795లో దక్కింది. అమ్మాయిలున్నారని ఒకనాడు నిరాకరించిన ఆ ప్రాసాదంలోకి కాపే కూడా ఆమెతో కలిసి వచ్చింది.

ఈ కాపే (1761–1818) ప్రస్తావన లేకుండా గురువు కథ పూర్తికాదు. లియోన్ నగరంలో ఇళ్లలో కొలువు చేసుకునే సామాన్య కుటుంబంలో పుట్టిన ఆ పిల్ల ఇరవై ఏళ్ల వయసులో ప్యారిస్ వచ్చి లబీయ్-గియార్ శిష్యురాలైంది. దోఫీన్ కూడలిలో పండుగనాడు ఆరుబయట జరిగే యువ చిత్రకారుల ప్రదర్శనలో గురువు ఆమె చేతా, తోటి శిష్యురాళ్ల చేతా చిత్రాలు పెట్టించింది. రాయల్ అకాడమీ సలోన్‌లో చోటు లేని అమ్మాయిలకు జనం కళ్ల ముందు నిలిచే అవకాశం అక్కడ లభించింది. సుమారు 1783 నాటి కాపే స్వీయచిత్రం ఇప్పుడు టోక్యోలోని పాశ్చాత్య కళల జాతీయ మ్యూజియంలో ఉంది: నీలి పట్టుదుస్తుల్లో, గీసే కడ్డీ పట్టిన చేతితో, రాబోయే జీవితంపట్ల ధీమాతో ఆ యువతి చూస్తుంది. ఆ చూపులోని ధీమా ఎవరి దగ్గర నేర్చినదో చెప్పనక్కరలేదు. గురువు స్వీయచిత్రంలోని రెండో శిష్యురాలు కారో ద రొజ్మోన్ మాత్రం 1788లోనే చనిపోయింది. ఆమె ప్రతిభ ఎంత దూరం వెళ్లేదో తెలిసే వీలు లేకపోయింది.

గురువు మరణించిన ఐదేళ్లకు, 1808 సలోన్‌లో కాపే ఒక పటాన్ని ఉంచింది. అదిప్పుడు మ్యూనిక్‌లో ఉంది. అందులో లబీయ్-గియార్ ఈజిల్ ముందు కూర్చుని వృద్ధ చిత్రకారుడు వియాన్ రూపచిత్రం గీస్తుంటుంది. వియాన్ ఆమె భర్త వాన్సాన్‌కు గురువు. చుట్టూ కుటుంబసభ్యులూ శిష్యులూ ఉంటారు. పలకమీద రంగులు సిద్ధం చేస్తూ, చూసేవారివైపు తల తిప్పిన స్త్రీ కాపే స్వయంగా. 1785 చిత్రంలో గురువు శిష్యురాళ్లను చిత్రించింది, ఇక్కడ శిష్యురాలు గురువును చిత్రించింది. పజూ చేతిలోని లెమ్వాన్ ప్రతిమను దీనితో కలిపి చూస్తే ఇరవై ఐదేళ్ల పాటు సాగిన ఒకే ఆలోచన కనిపిస్తుంది. అంతటి గురుదక్షిణ ఆ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుల్లో ఎందరికి దక్కింది?

పందొమ్మిదో శతాబ్దంలో ఆమె పేరు చాలావరకు మరుగున పడింది. 1785 నాటి ఆమె స్వీయచిత్రం 1953లో మెట్రోపాలిటన్ మ్యూజియంకు కానుకగా చేరింది; 1973లో ఆన్-మరీ పాసే ఆమె చిత్రాల సమగ్ర సూచిక ప్రచురించింది; 2009లో లారా ఔరిక్కియో రాసిన గ్రంథం ఆమెను విప్లవకాలపు కళారాజకీయాల నేపథ్యంలో నిలబెట్టింది. ఆమెను గురించిన పని ఇలా ఒక దారిలో పడింది గాని, ఆమె దగ్గర చదివిన తక్కిన అమ్మాయిల పేర్లు ఆనాటి పత్రికల సమీక్షల్లో చాలాచోట్ల ఇంటిపేరుకు ముందు ‘మద్మ్వాజెల్’ అన్న మర్యాదపదంతో మాత్రమే మిగిలి ఉన్నాయి. వారు గీసిన పాస్టెళ్లు, సూక్ష్మచిత్రాలు ఏ కుటుంబాల గోడలమీద, ఏ వేలంపాటల జాబితాల్లో, ఎవరి సంతకాల కింద ఉన్నాయో వెతికి గుర్తించే పరిశోధన జరగవలసి ఉంది; ఆమె చిత్రశాలను కేవలం ఒక్కరి ప్రతిభగా కాక ఒక సమాజంగా చూడాలన్న ప్రతిపాదనకు గట్టి ఆధారాలు దొరకవలసినది అక్కడే.